పానవిముక్తి సమావేశములు – మన సంఘ కర్తవ్యము

(తాండూరు పట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చదువబడిన ప్రసంగపాఠము)



విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ఉదయము నుండి ఉపన్యసించిరి. మాకు నియమింపబడిన విషయము అంత శ్రవణసుఖమైనది కాదు. త్రాగుడు మానదలచినవారికి తోడ్పడు సమావేశములెట్టివి, అవి యెక్కడ దొరకును, వానికెట్లు పోవలెను, ఈ విషయమున మన సంఘము చేయదగినదేమి, చేయరానిదేమి అనునదియే మా ప్రసంగవిషయము. మద్యపాన దోషములను వర్ణించుట మా ఉద్దేశము కాదు. ఆ దోషములు త్రాగువానికి మనకంటె బాగుగ తెలియును. తెల్లవారుజామున మేల్కొని, చేతులు వణకుచుండగా గోడవైపు తిరిగి పండుకొన్నవానికి మన ఉపన్యాసము క్రొత్త సంగతి యేదియు చెప్పజాలదు.

ఈ తాండూరు నాపరాతికిని కందిపప్పునకును పేరుపడిన ఊరు. ఇచ్చటి కందులకు 2022లో భౌగోళిక సూచికయు లభించినది. గనులలో రాయి తీయువారు, పాలిష్ యంత్రముల కడ బండలు నునుపు చేయువారు, లారీలకెత్తువారు పగలంతయు ఎండలోను దుమ్ములోను శ్రమపడి, వారపు కూలి చేతబడిన సాయంకాలము ఎచ్చటికి పోవుచున్నారో సభవారికి చెప్పనక్కరలేదు. అయితే ఇది కూలివారి వ్యసనము మాత్రమే అని తలచువారుండినయెడల, వారు తమ బంధువర్గమును ఒక్కసారి మనసులో లెక్కించుకొందురు గాక. దుకాణదారులలోను, ఉద్యోగులలోను, మా వంటి ఉపాధ్యాయులలోను ఈ వ్యాధి కలదు. మేము మూడుపదుల ఏండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిమి. పిల్లవాడు మొదటి గంటలోనే బల్లపై తల వాల్చి నిద్రపోయినయెడల, ఆ రాత్రి వాని ఇంట ఎవ్వరును నిద్రపోలేదని మాకు తెలిసెడిది. అట్టి పిల్లలు అన్ని కులములవారును ఉండిరి. మన కులమువారును ఉండిరి.

కేంద్ర ప్రభుత్వ సామాజిక న్యాయశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు దేశమంతట విచారణ జరిపి 2019లో నివేదిక ప్రకటించిరి. దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారనియు, వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి పైగా ఆ వ్యసనమువలన హానిపొంది సహాయము అవసరమైన స్థితిలో ఉన్నారనియు అందు తేలినది. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. తక్కిన 37 మంది ఎచ్చటనున్నారు? ఇండ్లలోనున్నారు. “ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను జపించుచు ఇంటివారు వారిని దాచుచున్నారు.

ఎందుకు దాచుచున్నారో విచారింపవలసియున్నది. మన ప్రాచీనులు ఈ విషయమును రెండు విధములుగ చూచిరి. ధర్మశాస్త్రములు సురాపానమును మహాపాతకములలో చేర్చినవి. అంతటితో విడువక, ఆ పాతకులతోడి సంసర్గమును ఐదవ మహాపాతకముగ లెక్కించినవి. ఆయుర్వేదమో, అదే మద్యమువలన కలుగు దురవస్థను మదాత్యయమను వ్యాధిగ గ్రహించినది. చరకసంహితయందు చికిత్సాస్థానమున 24వ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమునను పానాత్యయమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. త్రాగుడు మానినవాడు మరల హఠాత్తుగ అతిగా త్రాగినయెడల ధ్వంసకము, విక్షయము అను రోగములు కలుగునని చరకుడు చెప్పెను. మానుట, మరల పడుట అనునది ఆ కాలపు వైద్యులకును పరిచితమైన సంగతియే యన్నమాట. ఒకే దేశమున, ఒకే భాషలో, ధర్మాధికారి వానిని వెలివేయుమనెను. వైద్యుడు వానిని లోనికి తెమ్మనెను. మన కులపెద్దలు ధర్మాధికారి మాట వినిరి, వైద్యుని మాట వినలేదు. పాపమని యెంచినదానిని మనుష్యుడు దాచును. రోగమని యెంచినదానిని చూపును. భేదమంతయు ఇచ్చటనే యున్నది.

శాసనములచే ఈ వ్యసనమును మాన్పింపవచ్చునా? భారతమున మౌసలపర్వము చదివినవారికి జ్ఞాపకముండును. ముసలము పుట్టిన పిదప ద్వారకలో ఎవ్వరును సుర కాచరాదనియు, కాచినవానిని బంధుసహితముగ కొఱ్ఱు వేయుదుమనియు చాటింపు వేసిరి. అంత కఠినశాసనము తెలిసిన యాదవులే ప్రభాసతీర్థమునకు పోయి, త్రాగి, ఒకరినొకరు కొట్టుకొని నశించిరి. మన కాలమునను శాసనములు కలిగినవి. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును కారణమైనది. ఆ సంపూర్ణ నిషేధము 1997లో తొలగింపబడెను. ఆ స్త్రీల సాహసమునకు మేము శిరసు వంచి నమస్కరింతుము. దుకాణము మూయించుట గొప్ప కార్యమే. అయితే దుకాణము మూసిన దినముననే త్రాగువాని రోగము కుదురదు. దుకాణము తెరచియున్నను కుదుర్చుకొనగల ఉపాయము వానికి కావలెను.

కులసంఘముల మాట యేమి? హైదరాబాదు సంస్థానమున 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు తన ప్రజల ఉద్ధరణమునకు త్రాగుడు మానుట తొలిమెట్టని బోధించిరి. అటుపిమ్మట తెలంగాణమున ఎన్నో కులముల మహాసభలలో మద్యవర్జన తీర్మానములు గావింపబడినవి. తీర్మానము లేకపోవుట మన లోపము కాదు. పూర్వము కులపంచాయతిలో తప్పుగా పెట్టిన ధనము ఆ సాయంకాలమే కల్లునకు వ్యయమగుట పెద్దలెరుగుదురు. త్రాగినవానికి వేసిన తప్పును పంచాయతివారందరును కలసి త్రాగిన సందర్భములును లేకపోలేదు. నేడును దినవారములలో, పెండ్లిండ్లలో, వరుడు ఖాయమైన సంతోషములో సీసా లేనిది మర్యాద కాదని తలచువారున్నారు. మన మహాసభ ముగిసిన రాత్రి విందులు ఎట్లు జరుగుచున్నవో మేము వర్ణింపము.

అయినను మన జనులకు త్రాగుడు మానుట చేతకాదని యెవ్వరన్నను మేమొప్పుకొనము. ప్రతి సంవత్సరము కార్తిక మార్గశిరములలో మన వీథులలో చూడుడు. నిన్నటి వరకు ప్రతిరాత్రియు త్రాగినవాడు అయ్యప్ప మాల ధరించి 41 దినములు చుక్క ముట్టడు. ఇదెట్లు సాధ్యమగుచున్నది? భక్తి యనుట సత్యమే. దానితోపాటు ఇతర కారణములును కలవు. వాడు ఒంటరిగ లేడు. ప్రతి సాయంకాలము తనవంటివారి నడుమ కూర్చుండును. వానిని పేరు పెట్టి తిట్టువారు లేరు. చిన్నపిల్లలును స్వామీ అని గౌరవింతురు. వానికి నియమమున్నది, గురుస్వామి యున్నాడు, రోజులు లెక్కయున్నవి. ఎవ్వడును గ్లాసు వాని ముందు పెట్టడు. మాల తీసిన దినమున ఇదంతయు ఒక్కసారి తొలగిపోవును. బృందము విడిపోవును, గురుస్వామి తన పనికి తాను పోవును, పాత మిత్రుడు ద్వారమున నిలిచియుండును. నలువదిరెండవ నాడు వాడు పడినాడనిన, వాని సంకల్పము చెడ్డది కాదు. వాని సంగము విడిపోయినది. నలువదిరెండవ నాడును, నాలుగువందలవ నాడును విడిపోని సంగమొకటి వానికి కావలెను. మేము చెప్పదలచిన సమావేశములు అట్టివి.

ఈ పద్ధతి ఎట్లు పుట్టెనో క్లుప్తముగ మనవి చేయుదుము. అమెరికా దేశమున బిల్ విల్సన్ అను వాటాల వ్యాపారి త్రాగుడుచే సర్వము పోగొట్టుకొని, మానిన కొద్దినెలలకే, 1935 మే మాసములో ఆక్రన్ అను పట్టణమున వ్యాపారము చెడి, ఒంటరిగ ఒక హోటలులో నిలిచెను. త్రాగవలెనను తలపు మరల కలిగెను. అప్పుడు వాడు వైద్యుని వెదకలేదు, ఉపదేశకుని వెదకలేదు. తనవంటి త్రాగుబోతును వెదకెను. దొరికినవాడు ఆ ఊరి శస్త్రవైద్యుడగు డాక్టరు బాబ్ స్మిత్. పదునైదు నిమిషములు మాత్రమే కూర్చుందునని వచ్చిన వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. ఏలయనగా ఎదుటివాడు బోధింపలేదు. తన కథ తాను చెప్పుకొనెను. 1935 జూన్ 10 ఆ వైద్యుడు కడపటిసారి త్రాగిన దినము. ఆ దినమునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘస్థాపన దినముగ లెక్కింతురు. ఆ పేరునకు, పేరు చెప్పుకొనని త్రాగుబోతులని యర్థము. క్లుప్తముగ ఏ.ఏ. అందురు. 1939లో వారి ముఖ్యగ్రంథము వెలువడెను. 1957 నుండి మన దేశమునను ఆ సమావేశములు జరుగుచున్నవి.

ఇది కేవలము పరదేశపు భావమని తలపవలదు. ఆదిపర్వమున కచుని కథ మీరెరుగుదురు. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచే త్రాగించిరి. తన కడుపులోనే శిష్యుడున్నాడని తెలిసిన పిదప ఆ మహానుభావుడు సురాపానమునకు హద్దు విధించెను. ఆ హద్దు విధించినవాడు ఎన్నడు త్రాగని ఋషి కాడు; త్రాగి, దాని ఫలమును తన దేహమున అనుభవించినవాడు. అట్టివాని మాటకు బలమెక్కువ.

సమావేశమున జరుగునదేమి? చాలమందికి ఇది తెలియక భయపడుచున్నారు. వారమునకొకటి రెండుమార్లు, నిర్ణీతమైన గంటకు, ఏదో యొక పాఠశాల గదిలోనో ప్రార్థనామందిరపు ప్రక్కగదిలోనో కొందరు కూర్చుందురు. గంట, గంటన్నర సేపు జరుగును. ఒకరు నడిపింతురు; ఆ నడుపువారును త్రాగి మానినవారే. వారి పన్నెండు మెట్లను చదువుదురు. ఒక్కొక్కరు తమ మొదటిపేరు మాత్రము చెప్పి, నేను మద్యవ్యసనిని అని పలికి, తమ అనుభవమును చెప్పుదురు. తక్కినవారు వినవలెను, మధ్యలో అడ్డురారాదు, తప్పు పట్టరాదు, తీర్పు చెప్పరాదు. మాటలాడ నిష్టము లేనివాడు ఊరక కూర్చుండవచ్చును. ప్రవేశ రుసుము లేదు. చివర చేతిసంచి త్రిప్పినప్పుడు ఇష్టమున్న సభ్యులు తోచినంత వేయుదురు. బయటివారి చందాలు స్వీకరింపరు. సభ్యత్వమునకు ఒక్కటే యోగ్యత: త్రాగుడు మానవలెనను కోరిక. కులము, మతము, చదువు, ఆదాయము అడుగరు. అచ్చట విన్నది అచ్చటనే విడిచి రావలెను.

జీవితాంతము త్రాగనని ఒట్టు పెట్టించుట అచ్చట లేదు. ఈ ఒక్క దినము త్రాగకుందును, అంతియే. రేపటి మాట రేపు. ముందుగ మానినవాడొకడు క్రొత్తవానికి తోడుగ నిలుచును. రాత్రి పదిగంటలకు కోరిక పుట్టినను వానికి ఫోను చేయవచ్చును. పన్నెండు మెట్లలో తన అశక్తతను ఒప్పుకొనుట, తన దోషములను లెక్క వ్రాసికొని మరియొకని యెదుట చెప్పుట, హాని చేసినవారికి పరిహారము చేయుట, పిదప ఇతర వ్యసనులకు సాయపడుట ముఖ్యమైనవి. తప్పును బయటికి చెప్పుటచేతను, పశ్చాత్తాపముచేతను పాపి విముక్తుడగునని మనుస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయమున కలదు గదా. ఆ మార్గము మనకు క్రొత్త కాదు. సంసర్గమును మహాపాతకమన్న ఆ శాస్త్రము ఒక్కటి మాత్రము ఊహింపలేదు: పడినవారు పడినవారితో కూడి లేచు సంసర్గమొకటి యుండునని.

దీనివలన నిజముగ ప్రయోజనమున్నదా అని అడుగువారికి ఒక్క ప్రమాణము చెప్పుదుము. 2020లో కోక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్షలో 27 అధ్యయనములను, 10,565 మంది వృత్తాంతములను పరిశీలించిరి. పూర్తిగ మానియుండుట విషయమున ఏ.ఏ. మార్గమునకు చేర్చు క్రమబద్ధ చికిత్సలు ఇతర చికిత్సలకంటె మెరుగైన ఫలమునిచ్చెననియు, తక్కిన విషయములలో వానికి తీసిపోలేదనియు తేల్చిరి. అందరికిని ఇదియే మందని మేమనము. కొందరికి ఆసుపత్రులలో జరుగు బృందచికిత్స నచ్చును. 1980లో మదరాసులో శాంతి రంగనాథన్ గారు స్థాపించిన టీ.టీ. రంగనాథన్ సంస్థ వంటి చోట్ల వైద్యము, కుటుంబమునకు బోధ, బృందసమావేశములు మూడును కలిపి నడుపుదురు.

ఇక సమావేశమును కనుగొను మార్గము. మొదటిది: మత్తువిముక్తికై కేంద్ర ప్రభుత్వము నడుపు 14446 అను ఉచిత ఫోను సంఖ్య. సమీపమున ప్రభుత్వసహాయము పొందు కేంద్రమెచ్చటనున్నదో అడిగిన చెప్పుదురు. రెండవది: 14416, టెలీ మానస్ అను మానసికారోగ్య సహాయ సంఖ్య. 2022 అక్టోబరున ప్రారంభమైన ఈ సేవలో రేయింబవళ్లు తెలుగున మాటలాడవచ్చును; పేరు చెప్పనక్కరలేదు. మూడవది: ఏ.ఏ. సంఘమువారి భారత వెబ్‌సైటు. మనలో పెద్దలకు చేతకానియెడల మనుమడు ఫోనులో చూచి చెప్పును. హైదరాబాదు, సికింద్రాబాదులలో ఆ బృందములు కలవు. మన ఊరు వాడీ–సికింద్రాబాదు రైలుమార్గమున నుండుట మన అదృష్టము; పట్టణమునకు పోయి, సమావేశమున కూర్చుండి, తిరిగి రావచ్చును. దూరపు ఊరిలో తెలిసినవారు కనబడరను ధైర్యమును తొలిదినములలో కొందరికి మేలు చేయును. నాలుగవది: 2020 లాక్‌డౌను కాలము నుండి ఫోనులోనే జూమ్ ద్వారా జరుగు సమావేశములు బాగుగ పెరిగినవి. గని పనివాడైనను చెట్టుక్రింద కూర్చుండి వినవచ్చును.

పోవువారికి నాలుగు మాటలు. సమావేశములు రెండు విధములు. బహిరంగ సమావేశమునకు భార్యయు, తమ్ముడును, మిత్రుడును రావచ్చును. అంతరంగ సమావేశమునకు మానదలచినవారే రావలెను. ముందుగ ఫోను చేసి తెలిసికొనుడు. మొదటి దినమున పదినిమిషములు ముందుగ పోవుడు. ద్వారము కడ నిలిచినవాడే మీకు తోడగును. ఒక్కసారి పోయి నచ్చలేదని విడువవద్దు. ఒక బృందము నచ్చకున్న మరియొకటి చూడుడు. మరల త్రాగితిమను సిగ్గుచే మానవద్దు. పడిన మరునాడు పోదగిన చోటు అదియే.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగ త్రాగినవాడు వైద్యుని సలహా లేక హఠాత్తుగ మానుట ప్రాణాపాయము. కడపటిసారి త్రాగిన కొన్ని గంటలకే వణకు, చెమట, నిద్రలేమి మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు కొందరికి సంధివంటి భ్రాంతి పుట్టి, లేనివి కనబడును. 2020 మార్చిలో లాక్‌డౌనుచే కల్లుదుకాణములును మద్యపు దుకాణములును ఒక్కసారి మూతపడినప్పుడు, ఈ లక్షణములతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చినవారి సంఖ్య హఠాత్తుగ పెరిగెను. కల్తీకల్లునకు అలవాటుపడినవారికి ఈ గండము మరింత యెక్కువ. ఏలయనగా అందు కలుపు నిద్రమందులును శరీరమును కట్టివేయును. 2021 జనవరిలో మన వికారాబాదు జిల్లా గ్రామములలోనే కల్లు త్రాగి అనేకులు ఆసుపత్రుల పాలగుట మీరు మరచియుండరు. కావున మొదట తాండూరు ప్రభుత్వాసుపత్రికో ఎర్రగడ్డకో పోయి వైద్యుని చూడవలెను, పిదప సమావేశము. వైద్యుడు దేహమును ఒడ్డున చేర్చును. ఒడ్డున నిలుపునది సంగము.

త్రాగుడు మాన్పించెదమని అన్నములో తెలియకుండ మాత్ర కలుపుమని చెప్పువారి మాట వినవద్దు. డైసల్ఫిరామ్ వంటి మందు లోపల నుండగా మద్యము త్రాగినయెడల ప్రాణము మీదికి వచ్చును. రోగికి తెలిసి, వైద్యుని పర్యవేక్షణలోనే అది వాడదగినది. కట్టివేసి, కొట్టి మాన్పించెదమను అనుమతి లేని గృహములకు బిడ్డలనప్పగింపవద్దు. 2017 నాటి మానసికారోగ్య చట్టము మద్యవ్యసన రోగికిని వర్తించును. చికిత్సాగృహము ఆ చట్టము ప్రకారము నమోదైనదా యని అడుగు హక్కు మీకు కలదు.

సోదరీమణులతో ప్రత్యేకముగ ఒక మాట. త్రాగువాని ఇంటిలో రోగి ఒక్కడు కాడు. వాడు వచ్చు అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లుండునో లెక్క వేయుచు ఇంటిల్లిపాదియు బ్రతుకుచుందురు. అట్టి కుటుంబములకు 1951లో అల్-అనాన్ అను సంఘము ఏర్పడెను. మన దేశమునను దాని సమావేశములు కలవు. అతడు మానినను మానకున్నను, మీరు పోవచ్చును. మీ తప్పువలన అతడు త్రాగలేదు. మీరు ఏడ్చినంత మాత్రమున మానడు. మీ ఆరోగ్యము మీరు కాపాడుకొనవలెనని అచ్చట తెలిసికొందురు. త్రాగు స్త్రీలును మనలో కలరు. పురుషునికి ఒక సిగ్గు, స్త్రీకి పది సిగ్గులు పెట్టిన లోకమిది. ఆమెకును ఆ ద్వారము తెరచియే యున్నది.

కొందరు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పెదము. ఇది క్రైస్తవమత ప్రచారము కాదా? ఆ పద్ధతి క్రైస్తవదేశమున పుట్టినది, అనేక సమావేశములు చర్చి గదులలో జరుగును, ఇది సత్యమే. అయితే వారు ఏ మతముతోను పొత్తు పెట్టుకొనరు. భగవంతుని ఎవడెట్లు గ్రహించిన నట్లే యని వారి మెట్లలోనే కలదు. భద్రేశ్వరుని జాతరలో రథము లాగువాడును, మసీదులో నమాజు చేయువాడును, దేవుడు లేడనువాడును ప్రక్కప్రక్కన కూర్చుండవచ్చును. త్రాగుబోతులందరు ఒకచోట చేరిన మరింత చెడరా? కల్లుదుకాణమునను వారే చేరుచున్నారు గదా; అచ్చట ఒకరికొకరు పోసికొందురు, ఇచ్చట ఒకరినొకరు ఆపుకొందురు. పరువు పోదా? వీథిలో పడియుండగా చూచినవారు ఊరందరు. గదిలో కూర్చుండగా చూచువారు పదిమంది, ఆ పదిమందియు అట్టివారే. పోవు పరువెచ్చటనో ఆలోచింపుడు.

ఇక మన సంఘము చేయవలసినది. మాటను దాచక చెప్పుదుము. మన కులమువారికి మాత్రమే యొక పానవిముక్తి సమావేశము మన భవనమున పెట్టుదమని కొందరు యువకులు సూచించిరి. వారి సదుద్దేశమును మెచ్చుకొందుము; సూచనను అంగీకరింపము. మన సభలో కూర్చున్నవారందరు ఒకరికొకరు బావలు, మామలు, వియ్యంకులు. రేపు పిల్లనివ్వవలసిన ఇంటివాని యెదుట ఎవడు తన కథ చెప్పుకొనును? కులసంఘమునకు ప్రాణము పేరు. ఆ సమావేశమునకు ప్రాణము పేరు లేకుండుట. ఇచ్చట ఎవరి కుమారుడవని అడుగుదుము. అచ్చట ఆ ప్రశ్నయే తగదు. మనవారు ఇతరుల నడుమ కూర్చుండవలెను, ఇతరులు మనవారి నడుమ కూర్చుండవలెను. రోగమునకు లేని కులము మందునకు పెట్టుట తగదు. కులసంఘ వేదికపై నిలిచి ఈ మాట చెప్పుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను మన పిల్లల మేలు కోరి చెప్పుచున్నాము.

కావున మేము కార్యవర్గము నెదుట పెట్టు ప్రతిపాదనలివి.

మొదటిది. తాండూరున ఎవరైన ఇద్దరు ముగ్గురు మానదలచినవారు సమావేశము ప్రారంభింపగోరినయెడల, మన భవనమున వెనుకవైపు ద్వారము గల గదిని వారమునకొక సాయంకాలము ఇవ్వవలెను. వారు బయటి విరాళము తీసికొనరు గనుక నామమాత్రపు అద్దె తీసికొనవలెను. ఆ గదిపై మన ఫలకముండరాదు. మన కార్యవర్గసభ్యులు పర్యవేక్షణకు పోరాదు. వచ్చినవారి పట్టిక అడుగరాదు, శాలువ కప్పరాదు, ఛాయాచిత్రము తీయరాదు. ఈ సంచికలో దాతల ఛాయాచిత్రములు ముద్రించుట న్యాయము. ఆ గదిలో తీయుట ద్రోహము.

రెండవది. 14446, 14416 అను రెండు సంఖ్యలును మన భవనమునను, ప్రతి సంవత్సరము మనము పంచు పంచాంగపు వెనుకపుటను పెద్ద అక్షరములతో అచ్చువేయవలెను. ఎవరిని అడుగనక్కరలేక చూచుకొనునట్లుండవలెను.

మూడవది. నగరమున సమావేశమునకు గాని చికిత్సకు గాని పోవు పేదలకు రైలుఖర్చు విద్యానిధి నుండి కాక ప్రత్యేకనిధి నుండి ఇవ్వవలెను. ఇచ్చువాడు ఒక్క కోశాధికారి. లెక్కలో మొత్తము మాత్రమే చూపవలెను, పేరు వ్రాయరాదు.

నాలుగవది. సంఘము పేర జరుగు విందులలో మద్యము పూర్తిగ మానవలెను. నలువది దినములుగ మానియున్నవాడు బంధువు పెండ్లికి వచ్చినప్పుడు, “ఈ ఒక్కనాటికేమి” అని వాని చేతిలో గ్లాసు పెట్టు బావమరదికి తాను చేయుచున్నదేమో తెలియదు. తెలియజెప్పవలసినవారము మనము. వద్దన్నవానిని రెండవసారి అడుగకుండుట మన కులమర్యాదగ ఏర్పడవలెను. ఈ యొక్క మర్యాద స్థిరపడిన చాలును. ఎన్నో తీర్మానములకంటె మేలు చేయును.

ఐదవది. మానినవానిని గూర్చి పాత పేరుతో పిలుచుట మానవలెను. పది ఏండ్ల క్రిందట మానినవానిని నేటికిని త్రాగుబోతు ఫలానా అనియే గుర్తుచెప్పు అలవాటు మన ఊళ్లలో కలదు. మాల వేసినవానిని స్వామీ అనుటకు వెనుదీయని మన నాలుకకు ఇది అసాధ్యము కాదు.

కార్యవర్గమువారు ఈ ప్రతిపాదనలను నేటి మధ్యాహ్నపు చర్చలో చేర్చవలెనని ప్రార్థించుచున్నాము. సమావేశము ప్రారంభించుటకు పెద్ద సభ అక్కరలేదు, ధనమక్కరలేదు, మన యనుమతియు అక్కరలేదు. మానదలచినవారు ఇద్దరు కలసినచో అది సమావేశమేనని ఏ.ఏ. వారి సంప్రదాయము. ఈ సభాభవనమున ఇప్పుడు కొన్ని వందలమంది కూర్చుండియున్నారు. వారిలో ఆ ఇద్దరు లేరని మేము నమ్మము. వారు ఎవరో మాకు తెలియనక్కరలేదు. వారికి ఒకరినొకరు తెలిసిన చాలును. గది తాళపుచెవి మాత్రము వారి కొఱకు సిద్ధముగ నుంచుడని సభవారిని వేడుచు విరమించుచున్నాము.